బల్ల మీద అరచేతులు

నన్ను ఆ ఉద్యోగంలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదు, నా భాష చూసి. ఇంటర్వ్యూలో నేను చెప్పిన ప్రతి జవాబుకూ ప్రొఫెసరుగారు ముందుకు వంగి "ఆఁ?" అన్నారు. చివరికి విసుగొచ్చి, "శబ్దం మీద పరిశోధన చేసే చోటికి నిశ్శబ్దం దరఖాస్తు పెట్టుకుందేమిటమ్మా!" అన్నారు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేను పమిట అంచు చూసుకుంటూ కూర్చున్నాను. అయినా ఉద్యోగం వచ్చింది. తిరువొత్తియూరు దారిలో ఉన్న ఒక బాయిలర్ల కార్ఖానాలో కార్మికుల చెవులు పరీక్ష చెయ్యాలి. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. అందుకని తెలుగు మాట్లాడే మనిషి కావలసివచ్చింది. తీరా చూస్తే వాళ్ళందరికీ నాకంటే మంచి తమిళం వచ్చు. ఆ సంగతి బయటపడేసరికి నేను ఉద్యోగంలో పాతబడిపోయాను.

ఆంధ్ర రాష్ట్రం విడిపోయి, మద్రాసు మద్రాసుగానే మిగిలిపోయిన కొత్త రోజులవి.

పరిశోధనల్లోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మీ కాలంలో ఆడపిల్లకు ప్రయోగశాల ఎలా ఉండేదండీ అని అడుగుతారు. వాళ్ళు ఎదురుచూసే కథ ఒకటి ఉంటుందని నాకు తెలుసు. నా దగ్గర ఆ కథ లేదు. నా దగ్గర ఉన్నది ఒక టేకు బల్ల కథ.

మా శబ్దశాస్త్ర విభాగం ఒక పాత అద్దె బంగళాలో ఉండేది. దాని వెనక దొరల కాలంనాటి గుర్రపుశాల. గోడలు బాగా మందం కాబట్టి దాన్నే నిశ్శబ్దపు గదిగా మార్చారు. గోడలకు కొబ్బరిపీచు చాపలు కొట్టి, వాటి మీద పాత పరుపులు వేలాడదీశారు. చప్పుడు చేస్తుందని ఫ్యాను తీసేశారు. కిటికీలు ఇటుకలతో మూసేశారు. ఎండాకాలంలో అందులో కూర్చుంటే చెమట కారే చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. వానాకాలంలో మాత్రం గుర్రాలు ఇంకా అక్కడే ఉన్నట్టు వాసన వచ్చేది.

గది మధ్యలో ఆ టేకు బల్ల. దాని మీద చెవి వినికిడిని కొలిచే యంత్రం. మా సీనియరు, పిహెచ్‌డి చేస్తున్న తమిళ అబ్బాయి, దాన్ని సొంతంగా తయారుచేశాడు. రేడియో వాల్వులు ఒకచోట, తీగలు ఒకచోట కొని, మూర్‌మార్కెట్లో పాత సామాన్ల అంగట్లో ఒక బరువైన ఇత్తడి టెలిగ్రాఫు మీట సంపాదించి బల్లకు మరలతో బిగించాడు. మీట నొక్కితే హెడ్‌ఫోనులో సన్నటి కూత వస్తుంది. పిడి తిప్పితే ఆ కూత పెరుగుతుంది, తగ్గుతుంది. చెవి వెనక ఎముకకు ఆనించే అగ్గిపెట్టెంత బిళ్ళ ఒకటి, అవతలి మనిషితో మాట్లాడటానికి మైకు ఒకటి కూడా ఉండేవి. నాకూ, పరీక్షకు కూర్చున్న మనిషికీ మధ్య అట్ట తెర. నా చెయ్యి అతనికి కనబడదు. కూత వినబడితే అతను వేలెత్తాలి. ఎంత సన్నటి కూత వినగలిగాడో నేను రాసుకోవాలి. అంతే పని.

సీనియరు చాలా జాగ్రత్తపరుడు. మీట చప్పుడు బయటికి రాకుండా దానికి గుడ్డ చుట్టాడు. హెడ్‌ఫోను పెట్టుకుని తనే కూర్చుని చూసి, "పర్ఫెక్ట్. నో లీకేజ్" అన్నాడు. అతను చెప్పింది నిజమే. గాలిలోకి ఏమీ రావడం లేదు.

పరీక్షలు మొదలుపెట్టే ముందు మమ్మల్ని కార్ఖానాకు తీసుకువెళ్ళి బాయిలర్ల షెడ్డు చూపించారు. ఆ చప్పుడును నేను వర్ణించలేను. అది చెవికి వినబడేది కాదు, ఎదురొమ్ము మీద కూర్చునేది. పెద్ద ఇనప పీపా లాంటి బాయిలరు. బయట ఒక మనిషి ఎర్రగా కాలిన రివెట్టు మీద గాలిసుత్తి పెడతాడు. లోపల, ఆ పీపా కడుపులో, ఇంకో మనిషి రివెట్టు వెనక్కి రాకుండా బరువైన ఇనపదిమ్మెతో అదిమి పట్టుకుని కూర్చుంటాడు. గుడిగంటలో నాలిక ఎక్కడ ఉంటుందో అక్కడ వాడు ఉంటాడు. బయటివాడికీ లోపలివాడికీ మాటలుండవు. ఆపు, కొట్టు, జరుగు అని సుత్తితో ఇనుము మీద తట్టడమే. లోపలివాడు దాన్ని చేత్తో తెలుసుకుంటాడు. బయట నిలబడినవాళ్ళు ఒకరి పెదవులు ఒకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. నోళ్ళు కదులుతాయి, మాట బయటికి రాదు. చప్పుడు మధ్యలో అంత ప్రశాంతంగా కబుర్లు చెప్పుకునేవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

ఆ ముఠాకు పెద్ద ఒక మేస్త్రి. పొట్టి మనిషి, మెడ మందం, నెరిసిన మీసం. రివెట్టు కొట్టడం అయిపోగానే దాని తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టేవాడు. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగి, "బిగువు" అనో "వదులు" అనో పెదవి కదిపేవాడు. వదులంటే మళ్ళీ తీసి కొట్టవలసిందే.

లోపల కూర్చునేవాడి చోటు రోజూ మార్చాలని, ఒకే మనిషిని సంవత్సరాల తరబడి లోపల పెట్టొద్దని కార్మికులు అడుగుతున్నారు. కార్ఖానా అధికారి, పరీక్ష చేయించి చూద్దాం, చెవులు పాడవుతున్నాయని తేలితే ఆలోచిద్దాం అన్నాడు. మా పరిశోధన అలా పుట్టింది. దానికి ఆయన పెట్టిన షరతు ఒకటుంది. ఎవరి చెవి ఎలా ఉందో పేర్లతో సహా ఇవ్వాలి. మా ప్రొఫెసరుగారికి శబ్దతరంగాల మీద ఉన్న శ్రద్ధ మనుషుల మీద ఉండేది కాదు. మంచివారే, కాని ధ్యాస అటు పోదు. సరేనన్నారు.

కార్మికులు జట్లు జట్లుగా లారీలో వచ్చేవాళ్ళు. ఉతికిన చొక్కాలు, నూనె పెట్టి దువ్విన తలలు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు వరండాలో బిగుసుకుని కూర్చునేవాళ్ళు. మొదటివాడు మేస్త్రి. నేను వంచిన తల ఎత్తకుండా, ఇంట్లో వల్లెవేసుకున్నది ఆయనకు అప్పజెప్పబోయాను.

"తలెత్తి మాట్లాడు పాపా, మొహం కనబడాల గదా" అన్నాడు.

ఎత్తాను. కూత వినబడితే వేలెత్తండి అని చెప్పాను.

"సరి. ఏ వేలు?"

"ఏదైనా ఫరవాలేదు."

"నాకు ఒక వేలు సగమే ఉండాది. అది ఎత్తితే సగం వినబడినట్టు రాసేస్తావేమో" అని మీసంలో నవ్వాడు.

ఉద్యోగంలో చేరాక నేను నవ్వడం అదే మొదటిసారి.

ఆ మనుషులతో పని చేసిన నెలలు నా జీవితంలో చాలా సుఖంగా గడిచిన కాలం. కారణం అప్పుడు నాకు తెలియలేదు. తెలిసిందల్లా ఒకటే. చిన్నప్పటినుంచి నన్ను చూసిన ప్రతివాళ్ళూ "కాస్త గట్టిగా మాట్లాడమ్మా" అన్నవాళ్ళే. బడిలో పంతులుగారు, బస్సులో కండక్టరు, ఇంటికి వచ్చిన చుట్టాలు, అందరూ. ఈ బాయిలరువాళ్ళు మాత్రం ఒక్కసారీ అనలేదు. నేను ఎంత మెల్లగా అన్నా అర్థం చేసుకునేవాళ్ళు, జోకుకు జోకు అందుకునేవాళ్ళు. పోల్చి చూడటానికని అదే కార్ఖానా ఆఫీసు గుమాస్తాలకూ పరీక్ష చేశాం. వాళ్ళతో మైకు వాడవలసివచ్చేది. షెడ్డువాళ్ళతో మైకు అవసరమే రాలేదు. ఆ రోజుల్లో నా డైరీ నిండా వాళ్ళే. "ఈరోజు కూడా ఎవరూ నన్ను మళ్ళీ చెప్పమనలేదు" అని మురిసిపోతూ రాసుకున్నాను. అక్కడ ఒక్క క్షణం కలం ఆపి ఆలోచించి ఉండవలసింది. సంతోషంగా ఉన్నప్పుడు మనిషి ఆలోచించడు.

ఫలితాలు కాగితం మీద గీతలుగా పడ్డాయి. బాయిలరు షెడ్డువాళ్ళ చెవులు గుమాస్తాల చెవులకంటే బాగున్నాయి!

ఇక్కడ కొత్తవాళ్ళకు ఒక మాట చెప్పాలి. తప్పు ఫలితం వస్తే భయం లేదు, ఎక్కడో పట్టుబడుతుంది. తప్పు ఫలితానికి అందమైన సిద్ధాంతం దొరికితేనే ప్రమాదం. మా సీనియరు వారం తిరక్కుండా ఒక సిద్ధాంతం అల్లాడు. కసరత్తు చేసిన కండలా, చప్పుడులో పనిచేసిన చెవి పదునెక్కుతుందట. ప్రొఫెసరుగారి కళ్ళు మెరిశాయి. ఇది విదేశీ పత్రికకే పంపాలి అన్నారు. గీతలన్నీ అందంగా తిరగరాసే పని నాకిచ్చారు.

మా ఇల్లు తొండియార్‌పేటలో. ఒక ఆదివారం మా వీధి కొళాయి ఎండిపోతే బిందె తీసుకుని రెండు సందులు అవతలికి వెళ్ళాను. అక్కడ ఏ ఇంట్లో ఏం కూరో వీధి మొదట్లోనే తెలిసిపోతోంది. ఆడవాళ్ళందరూ అరుస్తూ మాట్లాడుతున్నారు. కొట్లాట కాదు, కాపురం. కొళాయి దగ్గర నా ముందున్న పెద్దావిడ ఇంటివైపు తిరిగి "మజ్జిగలో ఉప్పేసినా! ఉప్పేసినా అంటా ఉంటే!" అని కేకపెట్టి, నన్ను చూసి కాస్త సిగ్గుపడింది.

"ఏం చేసేది పాపా. మా వీధంతా బాయిలరు కాపురాలే. మొగుడితో గుట్టు మాట ఒకటి చెప్పాలన్నా వీధి వీధంతా లేస్తాది. నువ్వు కాలేజీలో చెవులు చూసే పాపవేనా?"

ఆవిడ మేస్త్రి భార్య. నేను తలూపాను. ఆయన చెవులు చాలా బాగున్నాయని పరీక్షలో తేలింది పెద్దమ్మా అని, మంచి కబురు చెబుతున్నాననుకుని చెప్పాను.

ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత బిందె కింద పెట్టేసింది.

"ఏసయ్యా! ఎవురి చెవులు? ఈ మనిషివా? మంచం కింద టపాకాయ పేల్చినా లెయ్యడు పాపా! చర్చిలో అయ్యవారు ప్రార్థన ముగించినా ఈయన కళ్ళు తెరవడు, పక్కనోళ్ళు గిల్లాల. మా పెద్దదాని బిడ్డ ఏడుపు ఎట్టుంటాదో ఈయనకు తెలీదు. బాగుండాయంట!" ఆవిడ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. "అయితే ఇన్నాళ్ళూ నేను అరిచిందంతా ఈయన వింటా ఉండాడా?"

బిందె సగమే నింపుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు మేస్త్రికి రెండో విడత పరీక్ష. నేను సిగ్గరిని. మనిషి ఎదుట కూర్చుంటే మాట చెప్పేదాకా మొహం చూస్తాను, తర్వాత చూపు కిందికి జారిపోతుంది. ఆరోజూ అలాగే జారి, అట్ట తెర కిందినుంచి కనబడుతున్న ఆయన ఎడమ చేతి మీద ఆగింది. కుడిచెయ్యి వేలెత్తడానికి సిద్ధంగా గాలిలో ఉంది. ఎడమ అరచెయ్యి మాత్రం బల్ల మీద బోర్లా, వేళ్ళు విడదీసి, మణికట్టుతో అదిమి ఉంది. రివెట్టు తలకు వేలు ఆనించినట్టు. అప్పుడు జ్ఞాపకం వచ్చింది. షెడ్డునుంచి వచ్చిన ప్రతివాడూ అలాగే కూర్చున్నాడు. గుమాస్తాలు చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. నేను మొహాలు మర్చిపోతాను, చేతులు మర్చిపోను.

హెడ్‌ఫోను తీగను యంత్రంలోంచి లాగేశాను. ఇప్పుడు ఆయన చెవిలోకి ఏమీ రాదు. మీట నొక్కాను.

ఆయన వేలు లేచింది.

మళ్ళీ నొక్కాను, ఆగి ఆగి, ఇష్టం వచ్చినట్టు. నొక్కిన ప్రతిసారీ ఆ సగం వేలు ఠంచనుగా లేచింది. సీనియరు చప్పుడును గాలిలోకి రానివ్వలేదు. మీటను మాత్రం నాలుగు మరలతో టేకుచెక్కకు బిగించాడు. టక్కు టక్కుమని చెక్క చెబుతుంటే అరచెయ్యి వింటోంది.

అట్ట తెర పక్కకు తీశాను. లాగేసిన తీగ కొస ఎత్తి చూపించాను. మేస్త్రి దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను అబద్ధమాడలా పాపా" అన్నాడు. "తెలిస్తే వేలెత్తమన్నావు. తెలిసింది, ఎత్తినా. మాకు వినేదంటే అదే గదా."

"మీకు మామూలుగా వినబడదా మేస్త్రిగారూ?"

నేను ఆ మాటను గొంతుతో అనలేదు. ఉత్త పెదవులు కదిపాను. జవాబు వెంటనే వచ్చింది.

"రొంబ లేదులే. కొంచెం మందం. షెడ్డులో అందరికీ ఉండేదే." తర్వాత ఆయన బల్ల మీదికి వంగాడు. "పేర్లు ఇస్తారంట గదా పైకి. చెవుడని రాస్తే నన్ను ఆడినించి తీసి యార్డులో చెత్త ఏరే పనికి పంపిస్తారు పాపా. ఈ చేత్తో రివెట్టు చూసినోడు చెత్త ఏరాల. అందుకే పిల్లకాయలందరికీ చెప్పినా, చెయ్యి బల్ల మీద పెట్టండిరా, తెలిసిపోతాదని. తప్పా?"

నాకు తెలిసింది మాత్రం చెప్పాను. చెవులు బాగున్నాయని మేం రాసిస్తే, లోపలి మనిషిని మార్చే అవసరం లేదని అధికారి అంటాడు. ఆ ముక్క పెదవులతోనే రెండుసార్లు చెప్పవలసివచ్చింది. ఆయనకు అర్థం కాక కాదు, నమ్మలేక.

"లోపల ఇప్పుడుండేది ఎవురనుకున్నావు?" అన్నాడు. "మా తమ్ముడి కొడుకు. మొన్ననే పెళ్ళయింది. ఇప్పుడే వాడు ఇంట్లో 'ఏంది? ఏంది?' అనేది మొదలుపెట్టినాడు." అరచెయ్యి బల్ల మీదినుంచి తీసి, అదేదో తనది కానట్టు చూసుకున్నాడు. "మేమందరం మా పని కాపాడుకుంటామని వాడి చెవులు అమ్మేసినామే."

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పేర్లు లేకుండా రాసిస్తారా టీచరమ్మా? అట్టయితే అందరం చేతులు ఒళ్ళో పెట్టుకుంటాం. నేను చెప్తా వాళ్ళకి."

ఆయన నన్ను టీచరమ్మా అన్నది ఆ ఒక్కసారే. పేర్లు వద్దని ప్రొఫెసరుగారిని అడగవలసిన బాధ్యత అలా నా మీద పడింది.

అధికారి ఫలితాలు తీసుకోవడానికి రావలసిన రోజు పొద్దున నేను ప్రొఫెసరుగారి గది ముందు నిలబడ్డాను. చెప్పవలసింది రాత్రంతా మనసులో కూడబలుక్కున్నాను. ఆయన తలెత్తగానే అంతా పోయింది. చివరికి, "సార్, మీ చెవుల్లో దూది పెట్టుకుంటారా?" అన్నాను.

"ఆఁ?"

"దూది సార్."

ఆయన మంచివారని చెప్పాను కదా. పెట్టుకున్నారు. గుర్రపుశాలకు వచ్చారు. దూది మీద హెడ్‌ఫోను పెట్టి, ఎడమ అరచెయ్యి నా చేత్తోనే తీసి బల్ల మీద బోర్లా ఉంచాను. ఒక ప్రొఫెసరు చెయ్యి పట్టుకున్నానని తర్వాత తలుచుకుంటే జ్వరం వచ్చినంత పనైంది. తీగ లాగేశాను. మీట నొక్కాను. ఆయన వేలెత్తారు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ ఎత్తారు.

"బ్రహ్మాండంగా వినబడుతోందే!" అని చెవుడొచ్చినవాళ్ళలాగే అరిచారు.

ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టాను. మీట నొక్కుతూనే ఉన్నాను. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నారు. తర్వాత చెయ్యి మళ్ళీ బల్ల మీద పెట్టారు. తీశారు. పెట్టారు. మొహంలో రంగు మారింది. ద్వారంలో నిలబడి చూస్తున్న సీనియరు వెళ్ళి గోడకున్న పరుపుకు ఆనుకున్నాడు.

"నా సిద్ధాంతం..." అన్నాడు పాపం.

"బాగుందోయ్, చాలా బాగుంది" అన్నారు ప్రొఫెసరుగారు దూది తీసుకుంటూ. "చెవులకు కాదు, చేతులకు."

పేర్ల సంగతి చెప్పేలోపే అధికారి కారు వచ్చేసింది.

అధికారి తెల్లటి ప్యాంటు, పాలిష్ బూట్ల మనిషి. ఫలితాలు ఎలా ఉన్నాయో అప్పటికే ఎవరో చెవిన వేశారు. సంతోషంగా వచ్చాడు. పరీక్షలో పొరపాటు జరిగింది, మా బల్ల తప్పు, అందరికీ మళ్ళీ చెయ్యాలి అని ప్రొఫెసరుగారు చెప్పేసరికి ఆయన నవ్వు పోయింది.

"అంటే వాళ్ళు మోసం చేశారన్నమాట."

"బల్ల మోసం చేసింది. నన్నూ చేసింది, ఇందాకే" అన్నారు ప్రొఫెసరుగారు.

"సరే, చెయ్యండి. ఎవడెవడు చెవిటివాడో పేర్లతో ఇవ్వండి. చెవిటివాళ్ళను సుత్తుల మధ్య పెట్టుకోలేను. తీసేస్తాను." నావైపు తిరిగాడు. "పరీక్ష చేసింది నువ్వేగా? ఎవరో నీకు ఇప్పటికే తెలిసి ఉండాలి."

నేను జవాబు చెప్పాను. ఆయనకు వినబడలేదు.

"గట్టిగా చెప్పు."

పుట్టిన దగ్గరినుంచి విన్న మాట. ఎప్పుడు విన్నా గొంతు ఇంకా లోపలికి పోయేది. ఆవేళ మాత్రం మేస్త్రి గుర్తొచ్చాడు. వినాలనుకున్నవాడు తలెత్తమన్నాడు, మొహం చూశాడు, అంతేగాని అరవమనలేదు.

"మీరే కాస్త దగ్గరికి రండి సార్" అన్నాను.

సీనియరు కళ్ళు మూసుకున్నాడు. అధికారి ఏమనుకున్నాడో, ఒక అడుగు ముందుకు వేశాడు.

"చెవుడు షెడ్డుది సార్, మనుషులది కాదు. షెడ్డు పేరు రాసిస్తాం" అన్నాను.

ఆయన ప్రొఫెసరుగారి వైపు చూశాడు. ఈ పిల్లకు మీరేమీ చెప్పరా అన్నట్టు. ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు గడిపారు. మనుషుల మీదికి ఆయన ధ్యాస మళ్ళడం నేను కళ్ళారా చూశాను. "పేరు రాస్తామంటే ఎవరూ నిజం చెప్పరు. నిజం లేని కొలత నాకెందుకు? ఆమె చెప్పినట్టే చేద్దాం. లేకపోతే మానేద్దాం" అన్నారు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, గొప్పగా ఊహించుకోకండి. అధికారి కోపంగా వెళ్ళిపోయాడు. వారాలు గడిచాక, ఎవరు నచ్చజెప్పారో ఏమో, సరేనని కబురు పంపాడు. మళ్ళీ పరీక్షలు చేశాం. షెడ్డు మొత్తానికి ఒకే గీత గీసి ఇచ్చాం. చూడటానికి కొండచరియ విరిగినట్టుంది. లోపలి మనిషిని వంతులవారీగా మార్చడం మొదలుపెట్టారు. అదీ వెంటనే కాదు, కార్మికులు ఇంకోసారి గట్టిగా అడిగాక. కొన్నేళ్ళకు రివెట్ల కాలమే పోయి వెల్డింగు వచ్చింది. షెడ్డు దానంతటదే సద్దుమణిగింది. మా పత్రం అచ్చయినప్పుడు బల్ల సంగతి అడుగున చిన్న అక్షరాల్లో, "పరికరంలో స్వల్ప లోపం గమనించి సవరించడమైనది" అని వచ్చింది. గమనించినది ఎవరో రాయలేదు. నాకు నొప్పి కలగలేదు. పేర్లు వద్దని పట్టుబట్టింది నేనే కదా.

నేను చెప్పాలనుకున్నది మాత్రం అలా మళ్ళీ చేసిన పరీక్షల మొదటి రోజు గురించి.

సీనియరు మీటను వేరే స్టూలు మీదికి మార్చి, దాని కింద పరుపు ముక్క పెట్టాడు. మేస్త్రి ముందుగా తనే వచ్చాడు. అదే ఉతికిన చొక్కా. కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. నాకు కనబడేలా పైకెత్తి చూపించాడు కూడా.

సన్నటి కూతతో మొదలుపెట్టాను. వేలు లేవలేదు. పెంచాను. లేవలేదు. ఇంకా పెంచాను. ఇటువైపు కూర్చున్న నాకు ఆయన హెడ్‌ఫోనులోంచి కూత బయటికి వినబడటం మొదలైంది. ఆయన మాత్రం చర్చిలో కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు. పిడి చివరికంటా తిప్పాను. ఒక్క మోటు కూతకు మాత్రం సగం వేలు కొంచెం కదిలి, ఆగిపోయింది. సందేహంగా.

తెర తీశాను.

"మొదలుపెట్టలేదా ఇంకా?" అన్నాడు.

అయిపోయిందని చెప్పాను.

ఆయన నా పెదవుల వంకే చూస్తూ ఉండిపోయాడు. ఏళ్ళ తరబడి అది కొంచెం మందమే అనుకున్నాడు. అందరికీ ఉండేదే అనుకున్నాడు. చేతులు పనిచేస్తుంటే చెవులు ఎప్పుడు పోయాయో చూసుకోలేదు.

"ఇంత అనుకోలా పాపా" అన్నాడు. "పోనీలే. మా వోడికి ఇంకా ఉండాయి గదా."

లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇన్ని నెలలు నీతో మాట్లాడినా. మా ఇంటామె అడిగింది, ఆ పాప గొంతు ఎట్టుంటాదని. ఏం చెప్పేది? నాకు తెలీదు గదా."

చెవి వెనక పెట్టే ఆ అగ్గిపెట్టెంత బిళ్ళ తీసి ఆయన చేతికిచ్చాను. పిడికిట్లో పట్టుకోమని సైగ చేశాను. గుమాస్తాల కోసం వాడిన మైకును ఆ బిళ్ళకు తగిలించి, నోటి దగ్గరికి తెచ్చుకుని మాట్లాడాను. ఏం మాట్లాడానో నా డైరీలో కూడా రాసుకోలేదు. చాలాసేపే మాట్లాడాను. గొంతు పెంచలేదు.

మేస్త్రి పిడికిలి బిగించి, రెండో చేతి వేలు ఆ బిళ్ళకు ఒక పక్కగా ఆనించాడు. షెడ్డులో చూసినట్టే కళ్ళు మూసుకున్నాడు. నేను ఆపాక కూడా ఒక్క క్షణం అలాగే ఉన్నాడు.

"సన్నం" అన్నాడు. తర్వాత తల ఊపాడు. "అయినా బిగువుగా ఉండాది తల్లీ. ఎవురన్నా వదులంటే నమ్మొద్దు."